చార్లీ బార్ గెలిపించిన పాత పడవ

1901 అక్టోబరు 4న న్యూయార్క్ రేవుకు బయట, శాండీ హుక్ దగ్గరి సముద్రంలో జరిగిన తెరచాప పడవల పందెంలో ముగింపు గీతను ముందుగా దాటింది షామ్‌రాక్ 2. తేడా రెండే రెండు సెకన్లు. అయినా గెలిచింది మాత్రం వెనక వచ్చిన కొలంబియా. ఆనాటి నిబంధన ప్రకారం నీటిమట్టం దగ్గర పడవ పొడవెంతో, దాని తెరచాపల వైశాల్యం ఎంతో కొలిచేవారు. ఆ లెక్కలో ఎక్కువ బలం తేలిన పడవ, తక్కువ బలం ఉన్నదానికి కొంత సమయం వదులుకోవాలి. షామ్‌రాక్ వదులుకోవాల్సింది 43 సెకన్లు. అందులో రెండు పోగా 41 సెకన్ల తేడాతో కొలంబియా నెగ్గింది, అమెరికాస్ కప్ న్యూయార్క్ యాట్ క్లబ్బులోనే ఉండిపోయింది. ఈ పోటీ గురించి ఎవరు చెప్పినా మూడు పేర్లు తప్పకుండా వస్తాయి. కప్పు కోసం పదే పదే సవాలు విసిరిన టీ వ్యాపారి సర్ థామస్ లిప్టన్ మొదటివాడు. మన వంటిళ్లలోకి కూడా వచ్చిన టీ పొట్లాల మీది పేరు ఆయనదే. రెండో పేరు కొలంబియా యజమాని, బ్యాంకుల అధిపతి జె.పి. మోర్గన్. మూడోది ఆ పడవను గీసి కట్టిన నతానియెల్ హెరెషాఫ్. నాలుగో పేరు చాలాసార్లు ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. చుక్కాని దగ్గర నిలబడిన సరంగు చార్లీ బార్ పేరు అది. ఆ గెలుపు లెక్కలో మొదట రావాల్సింది ఈ నాలుగో పేరేనని నా వాదన. అందుకు ఆధారాలు ఆయన జీవితమంతా పరచుకుని ఉన్నాయి.

ఈ పందేలు మొదటినుంచీ రెండు వర్గాల మనుషుల మీద నడిచాయి. డబ్బు పెట్టేవారు ఒక వర్గం, జీతానికి పడవ నడిపేవారు మరో వర్గం. 1851లో ఇంగ్లండ్ వెళ్లి వైట్ దీవి చుట్టూ జరిగిన పందెం గెలిచి, ఈ కప్పుకు తన పేరే ఇచ్చిన అమెరికా అనే స్కూనర్‌ను నడిపింది డిక్ బ్రౌన్. న్యూయార్క్ రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపే పైలట్ పని ఆయనది. 1887లో వాలంటీర్ అనే పడవతో స్కాట్లండ్ నుంచి వచ్చిన థిసిల్‌ను ఓడించిన హాంక్ హాఫ్, లాంగ్ ఐలండ్‌లోని ఐస్లిప్ ఊరివాడు. తీరంలోని లోతు తక్కువ నీళ్లలో, ఇసుక మేటల మధ్య పడవ నడపడం నేర్చుకుని పైకొచ్చిన మనిషి. ఇలాంటివారు క్లబ్బులో సభ్యులు కారు, విందుల్లో అతిథులూ కారు. సీజను మొదలయ్యే ముందు కుదుర్చుకుంటే వచ్చి, సీజను అయ్యాక లెక్క చూసుకుని వెళ్లేవారు. కప్పు మీద చెక్కేది పడవ పేరు, ఊరేగింపు యజమానికి. కానీ సముద్రం మీద ఆ పడవలో ఎవరి మాట చెల్లిందో చూస్తే కథ వేరేగా కనిపిస్తుంది.

చార్లీ బార్ 1864లో స్కాట్లండ్‌లోని క్లైడ్ నది ముఖద్వారం దగ్గర, గౌరాక్ అనే ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలో పచారీ కొట్లో పని నేర్చుకున్నాడు, తర్వాత చేపలవేటకు వెళ్లాడు. అన్న జాన్ బార్ పేరున్న యాట్ సరంగు. 1887లో థిసిల్‌ను నడిపి హాఫ్ చేతిలో ఓడింది ఆయనే. 1880ల మధ్యలో అన్నదమ్ములు క్లారా అనే పడవను అట్లాంటిక్ దాటించి అమెరికా తీసుకొచ్చారు. తమ్ముడికి అసలు పేరు తెచ్చింది మాత్రం మినర్వా. విలియం ఫైఫ్ గీసిన ఈ పడవ నీటిమట్టం దగ్గర 40 అడుగులే ఉండేది. 1888లో బార్ దాన్ని సముద్రం మీదుగా నడుపుకుంటూ తీసుకొచ్చాడు. మరుసటి ఏడాది, దానికంటే ఎక్కువ తెరచాప కట్టుకున్న అమెరికన్ పడవలను వరసగా ఓడించాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బార్ తర్వాత సాధించిన పెద్ద గెలుపుల్లో చాలామటుకు హెరెషాఫ్ పడవల మీద వచ్చినవి. అందుకే ఆ ఘనత హెరెషాఫ్‌దే అనేవారున్నారు. మినర్వాకు హెరెషాఫ్‌తో సంబంధం లేదు. పాతికేళ్లైనా సరిగా నిండని కుర్రాడు, చిన్న పడవతో, కొత్త దేశపు గాలుల్లో గెలిచిన గెలుపు అది. ఆయన అక్కడే స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు.

అయితే సరంగు గొప్పవాడైతే చాలు, ఏ పడవైనా గెలుస్తుందని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. బార్ జీవితంలోనే దానికి సమాధానం ఉంది. 1893లో నవహో అనే హెరెషాఫ్ పడవను ఇంగ్లండ్ తీసుకెళ్లి చాలా పందేల్లో ఓడిపోయాడు. 1895లో కప్పు కాపాడే పడవ ఏదో తేల్చే పోటీల్లో పాత పడవ విజిలెంట్‌ను నడిపి, కొత్త డిఫెండర్ ముందు నిలవలేకపోయాడు. డిఫెండర్ అడుగుభాగానికి కంచు రేకు, పైభాగానికి అల్యూమినియం వాడారు. బరువు అంతగా తగ్గించిన పడవతో పాత పడవకు పోటీ లేదు. ఉప్పునీటిలో కంచుకు ఆనుకుని ఉన్న అల్యూమినియం తినుకుపోవడంతో డిఫెండర్ కొన్నేళ్లకే పనికిరాకుండా పోయింది, కానీ ఆ ఏడాది మాత్రం దానికి ఎదురులేదు. ఆ పడవ చుక్కాని పట్టింది ముందు చెప్పిన హాంక్ హాఫ్, అప్పటికి అరవైకి దగ్గరపడినవాడు. కాబట్టి పడవల మధ్య తేడా మరీ పెద్దదైతే సరంగు దాన్ని పూడ్చలేడు. తేడా ఆ హద్దు లోపల ఉంటే ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. అగ్రశ్రేణి పందేల్లో తేడా ఎక్కువగా ఆ హద్దు లోపలే ఉంటుంది.

1895 నాటి ఇంకో నిర్ణయం కూడా బార్ కథలోకి వస్తుంది. అప్పటిదాకా అమెరికన్ పందెపు పడవల్లో కళాసులు ఎక్కువగా స్కాండినేవియా దేశాలవారు. డిఫెండర్ బాధ్యత చూసిన ఆలివర్ ఐస్‌లిన్, ఈసారి అందరూ అమెరికన్లే ఉండాలని మెయిన్ రాష్ట్రంలోని డీర్ ఐల్ దీవి నుంచి జాలరులను తెచ్చుకున్నాడు. 1899లో కొలంబియాకు కూడా ఆ దీవివాళ్లే వచ్చారు. వాళ్ల మీద సరంగుగా నిలబెట్టింది మాత్రం స్కాట్లండ్‌లో పుట్టిన బార్‌ను. ఎదుట ఉన్నది లిప్టన్ మొదటి షామ్‌రాక్. సొంతగడ్డ మీద పుట్టినవాడికే ఆ చోటు దక్కాలన్నవారికి ఇది నచ్చలేదు. బ్రిటన్ పడవను ఓడించడానికి బ్రిటన్‌లో పుట్టినవాడా అని అడగడం సహజమే. కానీ దేశభక్తి కొలతలు గాలిని పట్టుకోవు. ఆ అక్టోబరులో గాలి లేక, పొగమంచు పట్టి పందేలు రోజుల తరబడి వాయిదా పడ్డాయి. చివరికి 16వ తేదీన బార్ పది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. మర్నాడు షామ్‌రాక్ తెరచాప కొయ్య పైభాగం విరిగి పందెం నుంచి తప్పుకుంది. 20న ఆరున్నర నిమిషాల తేడాతో మూడోదీ వచ్చింది. ఈ గెలుపు నా వాదనకు బలం అనను. కొలంబియా అప్పటికి సరికొత్త పడవ, మంచి పడవ. అసలు పరీక్ష రెండేళ్ల తర్వాత వచ్చింది.

1901లో లిప్టన్ మళ్లీ సవాలు చేశాడు. ఆయన పడవను గీసిన జి.ఎల్. వాట్సన్, డంబార్టన్‌లోని డెన్నీ ఓడల కర్మాగారపు నీటితొట్టిలో నమూనాలు లాగించి నెలల తరబడి పరీక్షలు చేసి షామ్‌రాక్ 2కు రూపమిచ్చాడు. దాన్ని ఎదుర్కోవడానికి ఆగస్ట్ బెల్మాంట్ బృందం హెరెషాఫ్ చేత కాన్‌స్టిట్యూషన్ అనే కొత్త పడవ కట్టించింది. కొలంబియా లోటుపాట్లు చూసిన మనిషే, వాటిని సరిదిద్దుకుంటూ, ఎక్కువ తెరచాపతో గీసిన పడవ. రెండేళ్ల పాతదైన కొలంబియా ఇక తోడుగా పరుగెత్తడానికి తప్ప దేనికీ పనికిరాదనే అనుకున్నారు. మోర్గన్ దాన్ని తన బంధువు ఎడ్విన్ డి. మోర్గన్‌కు అప్పగించాడు, ఎడ్విన్ బార్‌ను సరంగుగా పెట్టుకున్నాడు. కాన్‌స్టిట్యూషన్‌కు సరంగు యురియా రోడ్స్, ఆయనా అనుభవజ్ఞుడే. వేసవి అంతా రెండు పడవలూ ఎన్నోసార్లు ఎదురుపడ్డాయి. గెలుపులు ఇద్దరికీ వచ్చాయి. చివరికి సెప్టెంబరులో ఎంపిక సంఘం పాత పడవనే కప్పు కాపాడమంది. ఒకే చేతిగీత, ఒకే కర్మాగారం, ఒకే సముద్రం, ఒకే వేసవి. కొత్తదనం, తెరచాప బలం కాన్‌స్టిట్యూషన్ వైపు ఉన్నాయి. కొలంబియా వైపు ఉన్నవి బార్, ఆయన తీర్చిదిద్దిన జట్టు. ఈ రంగంలో ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకదు.

దీనికి వచ్చే అభ్యంతరం చిన్నది కాదు. కాన్‌స్టిట్యూషన్ కొయ్య జూన్‌లోనే కూలిపోయింది, సన్నాహానికి దొరకాల్సిన రోజులు బాగుచేతలో పోయాయి, దాని తెరచాపలూ సరిగా కుదరలేదు, కాబట్టి ఓడింది పడవ కాదు, దాని అదృష్టం అంటారు. కొయ్య కూలడంలో సరంగు తప్పు లేదని ఒప్పుకుంటాను. మిగతా వాటి సంగతి వేరు. ఆ కాలపు తెరచాపలు నూలుగుడ్డవి. కొత్త గుడ్డను ఏ గాలిలో ఎంతసేపు సాగనివ్వాలి, తడిసినప్పుడు తాళ్లు ఎంత వదలాలి, ఏ అంచు బిగించాలి, కొయ్యను ముందుకు ఎంత వాల్చాలి, వెనక్కి ఎంత లాగాలి అన్నవన్నీ సరంగు కన్ను తేల్చాల్సినవే. తొందరపడి గట్టిగాలిలో విప్పితే గుడ్డ ఒకచోట సాగి ఆకారం చెడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎంత లాగినా గాలి సరిగా పట్టదు. పడవ సామర్థ్యం అని మనం అనుకునేదానిలో సగం ఇలాంటి పనులతో తయారవుతుంది. కాగితం మీద ఉన్న వేగాన్ని నీటి మీదికి తెచ్చేది ఆ పనే. కొలంబియా ఆ వేసవిలో తన వేగాన్ని పూర్తిగా బయటపెట్టింది, కాన్‌స్టిట్యూషన్ పెట్టలేకపోయింది. ఎడ్విన్ మోర్గన్ సమర్థుడైన నిర్వాహకుడన్నదీ నిజమే. ఘనతలో ఆయన వాటా ఆయనకు ఇవ్వాలి. కానీ పందెం మొదలయ్యే ముందు పది నిమిషాల్లో ఆయన చేసేదేమీ లేదు.

బార్ పనితనం దగ్గరగా చూడాలంటే ఆ పది నిమిషాలనే చూడాలి. రెండు పడవలూ బయల్దేరే గీత వెనక తిరుగుతుంటాయి. గీతకు ఒక చివర బోయా, మరో చివర పంచుల పడవ. ఫిరంగి మోగేదాకా దాటకూడదు, మోగాక ఒక్క సెకను వృథా చేయకూడదు. కొలంబియా పొడవు 131 అడుగులు, అడుగున తొంభై టన్నుల దాకా సీసం, పైన 13 వేల చదరపు అడుగులకు మించిన తెరచాప. మన లెక్కలో 30 సెంట్ల స్థలమంత గుడ్డ. దాన్ని అడుగున పట్టి ఉంచే అడ్డదూలమే వంద అడుగులు దాటుతుంది. ఇంత భారం ఒక్కసారి కదిలితే ఆపడానికి బ్రేకు ఉండదు, ఆగితే మళ్లీ వేగం అందుకోవడానికి నిమిషం పడుతుంది. ఈ పడవను బార్ ఎదుటి పడవకు కొన్ని గజాల దూరంలోకి తెచ్చి, గాలి వచ్చే వైపు తాను నిలిచేవాడు. గాలి మొదట తన తెరచాపకు తగిలి, చెదిరిన గాలే అవతలి పడవకు మిగులుతుంది. దారి ఎవరిది, ఎవరు తప్పుకోవాలి అన్న నియమాలు ఆయనకు కంఠస్థం. నియమం తనవైపు ఉందని తెలిస్తే అంగుళం కూడా వదిలేవాడు కాదు. ఎదుటివాడు తప్పుకునేదాకా చుక్కాని కదిపేవాడు కాదు. అది దౌర్జన్యమని ఆనాడే కొందరన్నారు. రోడ్స్‌ను ఆ వేసవి గీత దగ్గర ఒత్తిడితోనే లొంగదీశాడన్నది నిజానికి దగ్గరి మాట. కానీ ఢీకొంటే పగిలేది రెండు పడవలూ, ఉద్యోగం పోయేది తనకే. అంత దగ్గరకు వెళ్లి ఢీకొనకుండా ఉండటం తొంభై టన్నుల సీసం ఎంత దూరం జారుతుందో అరచేతిలో తెలిసినవాడికే సాధ్యం. దాన్ని మొండితనమనడం ఆ లెక్కను చూడకపోవడమే అవుతుంది.

ఇప్పుడు మళ్లీ 1901 కప్పు పందేలకు వద్దాం. షామ్‌రాక్ 2ను ఎడ్వర్డ్ సికమోర్ నడిపాడు. మొదటి పందెం కొలంబియా గెలిచింది 1 నిమిషం 20 సెకన్లతో, రెండోది 3 నిమిషాల 35 సెకన్లతో. మొదట్లో చెప్పిన అక్టోబరు 4 నాటి మూడోది 15 మైళ్లు గాలివాటున వెళ్లి, 15 మైళ్లు ఎదురుగాలికి తిరిగి రావాల్సిన దారి. గాలివాటున షామ్‌రాక్ ముందుపడింది, ఎక్కువ తెరచాప ఉన్నది ముందుపడటంలో వింత లేదు. తిరుగుదారిలో గాలికి ఎదురు తిన్నగా పోలేరు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఏటవాలుగా కోసుకుంటూ రావాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ వేగం పోతుంది, ఎప్పుడు తిరగాలన్నది ప్రతిసారీ ఒక నిర్ణయం. ఆ దారిలోనే బార్ దూరం తగ్గించుకుంటూ వచ్చాడు. 41 సెకన్లు నిబంధన పెట్టిన భిక్ష అనేవారు ఈ దారిని చూడటం లేదు. ఆయనకు ముందు రావాల్సిన అవసరం లేదు, 43 సెకన్ల లోపు ఉంటే చాలు. ముప్పై మైళ్లు పరుగెత్తి ఎదుటి పడవకు రెండు సెకన్ల దూరంలో ఉన్నాడంటే ఆ అవసరాన్ని ఎంతో మించి తీర్చినట్టే.

1903లో వచ్చిన రిలయన్స్ కథ దీనికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి దాన్ని దాటేయకూడదు. హెరెషాఫ్ నిబంధనల చివరి అంచుదాకా వెళ్లి గీసిన పడవ అది. తెరచాప 16,160 చదరపు అడుగులు, ఎదుట ఉన్న షామ్‌రాక్ 3 కంటే దాదాపు రెండు వేల అడుగులు ఎక్కువ. కొయ్య చివర నీటి నుంచి 199 అడుగుల ఎత్తు. పైకొయ్య కిందికొయ్య లోపలికి జారిపోయే ఏర్పాటు, డెక్కు కింద తాళ్లు చుట్టే యంత్రాలు, నీరు నింపి ఖాళీ చేసే బోలు చుక్కాని. ఇంత పడవ ఇచ్చాక ఎవరైనా గెలిచేవారు కదా అని అడగొచ్చు. గెలిచే అవకాశం మరికొందరికీ ఉండేదేమో. కానీ గాలి కాస్త పెరిగితే తనను తానే విరగ్గొట్టుకునే పడవ అది, అరవై మందికి పైగా కళాసులు ఒక్క మాట మీద కదలకపోతే అడ్డదూలం ఎవరి తల మీదికైనా రావచ్చు. బార్ దాన్ని కప్పు పందేలన్నిటిలో క్షేమంగా నడిపాడు. మొదటి పందెం ఏడు నిమిషాలకు పైగా తేడాతో, రెండోది 1 నిమిషం 19 సెకన్లతో వచ్చాయి. సెప్టెంబరు 3 నాటి మూడోదానిలో దట్టమైన పొగమంచు కమ్మింది. రిలయన్స్ మంచులోంచి నేరుగా ముగింపు గీత మీదికి వచ్చింది, షామ్‌రాక్ 3 దారి తప్పి గీతనే కనుక్కోలేకపోయింది. ఆ రోజు గెలిపించింది రెండు వేల అడుగుల అదనపు తెరచాప కాదు.

హెరెషాఫ్ నీడ పడని చివరి సాక్ష్యం 1905ది. జర్మన్ చక్రవర్తి పెట్టిన కప్పు కోసం 11 యాట్‌లు మే 17న శాండీ హుక్ నుంచి ఇంగ్లండ్‌లోని లిజార్డ్ కొన దాకా పందెం కట్టాయి. ఈసారి సమయాల సవరణలు లేవు, ముందు చేరిందే గెలిచినట్టు. బార్ నడిపింది విలియం గార్డ్‌నర్ గీసిన మూడు కొయ్యల స్కూనర్ అట్లాంటిక్. చిన్న దారుల్లో సెకన్లు ఏరుకునే మనిషి మహాసముద్రం మీద ఏం చేస్తాడన్న సందేహానికి జవాబు 12 రోజుల 4 గంటల 1 నిమిషం 19 సెకన్లు. ఒక్కరోజులో 341 నాటికల్ మైళ్లు పరుగెత్తించాడు. ఆ రికార్డును ఏ తెరచాప పడవా 1980 దాకా దాటలేదు. దాటింది ఫ్రెంచి నావికుడు ఎరిక్ టబార్లీ, అదీ మూడు పొట్టల ఆధునిక పడవతో. గొప్ప పడవ కావడం వల్లే ఇది సాధ్యమైందంటే కాదనను. కానీ అట్లాంటిక్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సముద్రం మీద తిరిగింది, 1928లో స్పెయిన్‌కు జరిగిన మహాసముద్రపు పందెంలో కూడా పాల్గొంది. అదే పడవ వేరే చేతుల్లో ఆ వేగాన్ని మళ్లీ చూపలేదు.

ఇన్ని ఉన్నా బార్ పేరు వెనకే ఎందుకు ఉండిపోయింది? వర్గభేదం ఒక కారణం, అది కనిపించేదే. నాకు అంతకంటే బలంగా తోచేది సాక్ష్యం ఎలా మిగులుతుందన్నది. హెరెషాఫ్ చెక్కిన సగం నమూనాలు రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ మ్యూజియంలో ఈనాటికీ చూడొచ్చు, ఆయన గీతలు ఎం.ఐ.టి. మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. యజమానుల చెల్లింపులు, ఉత్తరాలు, ఫొటోలు ఉన్నాయి. సరంగు ఫలానా చోట మలుపు ఎందుకు తిప్పాడో, గుడ్డ సాగుతోందని ఏ చూపుతో పసిగట్టాడో ఎక్కడా గీసి లేదు. చరిత్ర రాసేవాడు దొరికిన కాగితం మీద ఆధారపడతాడు, అందులో తప్పు లేదు. కానీ కాగితం లేని పనికి కొలత లేదనుకోవడం తప్పు. 1901లో రెండు హెరెషాఫ్ పడవలు పక్కపక్కన పరుగెత్తినప్పుడు ఆ కొలత సెకన్లలో దొరికింది. పందేల ఫలితాల పట్టికలన్నీ ఉన్నాయి, ఏ పడవను ఏ ఏడాది ఎవరు నడిపారన్నదీ తెలుసు. ఒక్క బార్‌కే కాదు, హాఫ్, రోడ్స్, సికమోర్, జాన్ బార్ అందరికీ పడవ పేరు బదులు సరంగు పేరు మీద ఆ పట్టికలను తిరిగి పేర్చవచ్చు. అలా పేర్చినప్పుడు 1888 నాటి మినర్వా నుంచి 1910లో యూరప్ వెళ్లి తాను దిగిన పదకొండు పందేలూ గెలిచిన వెస్ట్‌వర్డ్ దాకా, మూడు వేర్వేరు చేతులు గీసిన పడవల మీద ఒకే పేరు కనిపిస్తుంది. వెస్ట్‌వర్డ్ సీజను ముగిసిన కొద్ది నెలలకు, 1911 జనవరిలో, బార్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఆయన వయసు 46.